రేటెంత?

పొద్దుగాల ఏడింటికి దానంతటదే పోయేటట్టు
మా అక్క బిడ్డ ప్రణవి ఫోన్‌ల పెట్టిచ్చింది.
నేను లేవకముందే నా దుకాణం లేస్తది.
రామంతాపూర్ గల్లీల పాల సంచులు ఇంకా తలుపులకే వేలాడుతుంటే
నా కర్టెన్లు నలభై ఎనిమిది ఇండ్ల ఫోన్లల్ల ఊగుతుంటయి.

"చిన్నమ్మా, కనబడకుంటే మరిచిపోతరు" అన్నది.
కనబడ్డ.
పుట్టినరోజు కేకు కింద కనబడ్డ.
నల్లా రాలేదన్న లొల్లి నడుమ కనబడ్డ.
తప్పిపోయిన పిల్లి ఫోటో కింద
"ఈ వారమే తగ్గింపు" అనుకుంట కనబడ్డ.
పిల్లి దొరికింది.
నాకొక్క ఆర్డరు దొరకలే.

మదీనా కాడికి పోయి
బట్టను వేళ్ళ నడుమ నలిపి, వెలుతురుకు పట్టి చూసి,
బేరమాడి, ఆటోల ఒళ్ళె పెట్టుకొని తెచ్చేదాన్ని.
ఎవరింటికి పోయినా గడప బయటనే చెప్పులిడిచి,
టేపు తీసేముందు
"లోపట పిల్లలు పండుకున్నరా?" అని అడిగేదాన్ని.
గ్రూపుల మాత్రం
చెప్పులతోనే వంటింట్లకు నడిచిన.

జవాబు రాసేది ఒక్క పాండురంగం సారే.
మూడొందల రెండు. ఆర్టీసీల లెక్కలు రాసి రిటైరైన మనిషి.
"ఆ ఆకుపచ్చది బాగున్నదమ్మా. రేటెంత?"
"ఇన్‌బాక్స్ చూడండి సార్." ప్రణవి నేర్పిన మాట.
"ఇన్‌బాక్స్ అంటే ఏ ఫ్లోరమ్మా?"
అందరూ నవ్వే బొమ్మలు పెట్టిన్రు. నేనూ పెట్టిన.
రేటు పెట్టలే.

ఆ మంగళారం ఆరు యాభై ఎనిమిదికి
సెక్రటరీ రాసిండు,
పాండురంగం గారు రాత్రి నిద్రలోనే.
ఏడింటికి నా కర్టెన్లు వచ్చినయి.
"మీ ఇంటికి కొత్త వెలుగు! త్వరపడండి!"
మూడు దీపాలు, ఒక తారాజువ్వ.

దాని కింద చేతులు జోడించిన బొమ్మ.
ఇంకొకటి. ఇంకొకటి.
మొక్కేది ఎవరికో అందరికెర్కే.
అయినా పైనుంచి చదువుకుంట వస్తే
నా పరదాకు మొక్కినట్టే ఉన్నది.

నేను చూసేసరికి ఏడు నలభై.
తీసేసిన.
తీసేసినా జాగ ఉండిపోయింది,
"ఈ మెసేజ్ తొలగించబడింది" అని,
మరక కడిగినంక చీర మీద మిగిలే తడి లెక్క.
ఎవరూ ఏమనలే.
అనకపోవుడే అనుడు.

మాఫీ అడుగుదామని నాలుగు తీర్ల రాసి కొట్టేసిన.
ఏది రాసినా పైన నా పేరు రాదు,
"భాగ్య కర్టెన్స్, ఫ్రీ డెలివరీ" అనే వస్తది.
ఫోన్ ఇంట్లనే పెట్టి మెట్లెక్కిన.

వాకిట్ల చెప్పుల కుప్ప. నావి గూడ అండ్లనే ఇడిసిన.
రుక్మాబాయమ్మ గోడకు ఒరిగి కూసున్నది.
కిటికీకి పాత చద్దరు, రెండు మేకులకు కట్టి.
ఒక దిక్కు ఊడి, ఎండ వచ్చి ఆమె మోకాళ్ళ మీద పడుతున్నది.
ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద సారు రాత:
కిటికీ నాలుగడుగులు, ఐదడుగులు.
ఆకుపచ్చ.
రేటు? (మళ్ళ అడగాలె.)

లేచి ఆ చద్దరు మూల మేకుకు కట్టిన.
ఇంక చేసేదేం తోచలే.

పన్నెండు దినాలు ఏం పెట్టలే.
"రీచ్ పడిపోతది చిన్నమ్మా" అని ప్రణవి అలిగింది.
పడనీ, లేపుకుందాం తియ్.
ఇప్పుడు నెలకు రెండుసార్లు పెడుత, నా చేత్తోనే.
పెట్టేముందు పైకి జరిపి చూస్త,
ఎవరింట్ల ఏమైందో.
మీటరు ఇంత, కుట్టుకూలి ఇంత, రాడ్డు వేరే అని
అందరి ముందర రాస్త.
ఎవరన్నా అడిగితే మిషన్ ఆపి జవాబిస్త.
ఆర్డర్లు మస్తు పెరిగినయా అంటే, లేదు.
మొన్న ఐదొందల ఒకటోల్లు దోమతెర అడిగిన్రు, అంతే.

ఆకుపచ్చ తాను ఇంక ఆరు మీటర్లున్నది.
దాని ఫోటో తియ్యలే.